రాత్రి రెండున్నరకి లేచి కూర్చునే ఒక బ్యాంకు తమ్ముడికి

ప్రశ్న:

అక్కా నమస్తే. నా వయసు 37. ఖమ్మం దగ్గర ఒక బ్యాంకు బ్రాంచిలో లోన్ల సెక్షన్ చూస్తా. ఇద్దరు పిల్లలు, మా ఆవిడ ప్రైవేట్ స్కూల్లో టీచరు. ఆరు నెలల కింద ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినోళ్ళు నేను చేసిన ఒక క్రాప్ లోన్ ఫైల్లో జామీనుదారు సంతకం ఒక పేజీలో లేదని పట్టుకున్నారు. ఎక్స్‌ప్లనేషన్ అడిగితే రాసిచ్చా, ఆయన్ని పిలిపించి సంతకం పెట్టించా, ఫైలు క్లోజ్ అయింది. కానీ ఆ రోజు మేనేజర్ గారు అందరి ముందు "ఇన్నేళ్ళ సర్వీసొచ్చాక కూడా ఇదేనా" అన్న మాట ఇప్పటికీ చెవిలో తిరుగుతానే ఉంది. రాత్రి రెండున్నరకి మెలకువ వస్తది, ఇక ఒక్కో ఫైలూ కళ్ళముందుకొస్తది, దేంట్లో ఏం మర్చిపోయానో అని. స్ట్రాంగ్ రూమ్ తాళం వేశానా లేదా అని సగం దూరం వెళ్ళి బండి వెనక్కి తిప్పిన రోజులున్నాయి. ఆదివారం సాయంత్రం నాలుగైతే చాలు కడుపులో తిప్పుడు మొదలు. మొన్న చిన్నోడు పాల గ్లాసు పడేస్తే చెయ్యెత్తా. కొట్టలేదు, కానీ వాడు బిక్కచచ్చి చూశాడు, ఆ చూపు ఇప్పుడు ఇంకో ఆలోచన అయి కూర్చుంది. మా ఆవిడ "ఆలోచించకు, వదిలెయ్" అంటది. అమ్మ దిష్టి తగిలింది అంటది. ఫ్రెండ్స్ రెండు పెగ్గులేస్తే నిద్ర అదే వస్తది అంటారు. ఆలోచనలు ఆపుడు ఎట్లా అక్కా? నాకేమన్నా పిచ్చి పడుతుందా? ఉద్యోగం మానేస్తే బాగుపడతానా?

జవాబు:

తమ్ముడూ, నువ్వు అంటున్నా ఏమనుకోకు, నీకంటే పదిహేనేళ్ళు పెద్దదాన్ని. ముందు ఆ రెండో ప్రశ్న తీసి పక్కన పెట్టేద్దాం, ఎందుకంటే అది తేలకపోతే నేను చెప్పే మిగతాదేదీ నీ బుర్రకెక్కదు. పిచ్చి కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకి అరడజను వస్తాయి, పేర్లూ ఊర్లూ మారతాయి అంతే, ఒకరికి ఆడిట్, ఒకరికి అప్రైజల్, ఒకావిడకి అత్తగారు పెళ్ళిలో అన్న ఒక మాట. నేను డాక్టర్ని కాదు, ఇరవై రెండేళ్ళు ఆఫీసుల్లో లెక్కలు రాసి, నా సొంత బుర్ర నన్ను తిన్నది చాలక దాని గురించి దొరికిందల్లా చదివి, నాకు పనికొచ్చింది పదిమందికీ చెప్తున్నదాన్ని. అది గుర్తుపెట్టుకుని చదువు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడెళ్ళాలో కూడా కింద చెప్తాను, అది మాత్రం దాటేసి పోవద్దు.

మీ ఆవిడ "వదిలెయ్" అనడం ప్రేమతోనే, కానీ ఆ సలహా పనిచెయ్యదు. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదు అని చెప్పిన వైద్యుడి కథ మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే కదా, పాపం రోగికి అప్పటిదాకా జన్మలో గుర్తురాని కోతి గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఎదురొచ్చి కూర్చుంటుంది. దీన్నే 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా సైకాలజిస్టు కాలేజీ పిల్లల మీద పెట్టి చూశాడు, కోతి బదులు తెల్ల ఎలుగుబంటి. ఐదు నిమిషాల పాటు ఆ ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. అంతకంటే ముఖ్యం ఏంటంటే, ఆ తర్వాత "ఇక మీ ఇష్టం, ఆలోచించుకోండి" అంటే, మొదట అణుచుకున్నవాళ్ళకి ఆ ఎలుగుబంటి మిగతావాళ్ళకంటే ఎక్కువసార్లు వచ్చింది. కాబట్టి నువ్వు "ఆపడం ఎలా" అని అడగడం దగ్గరే తేడా ఉంది. ఆపలేవు, ఎవరమూ ఆపలేము. దానికి వేళా చోటూ మార్చగలం, అది చేసే పని మార్చగలం.

మనం దీన్ని నెమరువేయడం అంటాం కదా, ఇంగ్లీషు వాళ్ళ మాటకీ మూలం అదే, పశువు నెమరు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో రెండు గేదెలుండేవి, తాతయ్య పొద్దున్నే పాలు పితకడానికి కూర్చునే ముందు ఒక్క నిమిషం వాటి దవడలకేసి చూసేవాడు. నెమరేస్తోందా, అయితే బానే ఉంది. నెమరు ఆపిందంటే ఏదో జబ్బు చేసిందని పశువుల డాక్టరుకి కబురు. గేదె రోజుకి ఏడెనిమిది గంటలు అదే పని మీద ఉంటుంది, కానీ ఒకటి గమనించు, అది నమిలిన గడ్డి మళ్ళీ కిందకి దిగి ముందుకి పోతుంది, అరుగుతుంది, పాలవుతుంది. నువ్వు ఆ సంతకం పేజీని ఆరు నెలలుగా నములుతున్నావు, అది గొంతు దిగట్లేదు, పైకీ కిందకీ తిరుగుతోంది. ఆలోచనకీ నెమరుకీ తేడా పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. పది నిమిషాలు ఆలోచించాక నీ దగ్గర రేపు చెయ్యాల్సిన పని ఒకటి కొత్తగా తయారైందా? అయితే అది ఆలోచన. పదో నిమిషంలో కూడా మొదటి నిమిషంలో ఉన్న చోటే ఉండి, పైగా ఒళ్ళు బిగుసుకుని ఉన్నావా? అయితే అది నెమరు, దాన్ని గౌరవించాల్సిన పనిలేదు.

కానీ మనం గౌరవిస్తాం, అసలు చిక్కంతా అక్కడే ఉంది, నేను నీకు చెప్పాలనుకున్నదీ అదే. మన ఇళ్ళల్లో బెంగ పెట్టుకోవడం అంటే బాధ్యత ఉన్నట్టు. పిల్ల బస్సెక్కితే అది దిగేదాకా మేలుకుని కూర్చున్న అమ్మ మంచి అమ్మ, పడుకుని నిద్రపోయిన నాన్నకి "ఈయనకేం పట్టదు, దున్నపోతు మీద వాన కురిసినట్టే" అని బిరుదు. బస్సు ఇద్దరి వల్లా ఒకే టైముకి చేరుతుంది! చిన్నప్పటినుంచి అది చూసి పెరిగినవాళ్ళం, అందుకే మన బుర్రలో ఎక్కడో ఒక లెక్క పడిపోయింది, నేను కంగారు పడుతున్నానంటే నా డ్యూటీ నేను చేస్తున్నట్టు, కంగారు మానేస్తే ఆ క్షణమే ఏదో అయిపోతుంది అని. నీ సంగతే తీసుకో, రాత్రి రెండున్నరకి లేచి నాలుగు దాకా ఫైళ్ళన్నీ తిరగేశావు, తెల్లారి బ్రాంచికి వెళ్తే ఏ ఫైల్లోనూ ఏ గొడవా లేదు. అప్పుడు ఏమనుకోవాలి, "అనవసరంగా నిద్ర పాడుచేసుకున్నా" అనుకోవాలి. కానీ లోపల అలా పడదు, "మేలుకున్నాను, ఏమీ కాలేదు" అని పడుతుంది, కంగారు ఖాతాలో ఇంకో జమ. ఇలా ఆరు నెలల జమలు పేరుకుపోయాయి నీ దగ్గర. ఇప్పుడు నువ్వు ఆ ఖాతా మూసేద్దామన్నా చెయ్యి రాదు.

ఆ నెమరు అలవాటు మనిషిని ఏం చేస్తుందో చూపించిన ఒక సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. సూసన్ నోలెన్ హోక్సెమా అని ఒక సైకాలజిస్టు, జీవితమంతా దీని మీదే పనిచేసింది, 2013లో చనిపోయింది. 1989లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో విద్యార్థుల చేత కొన్ని ప్రశ్నాపత్రాలు నింపించింది, మీ మనసెలా ఉంది, దిగులొస్తే మీరేం చేస్తారు, దాని గురించే తలుచుకుంటూ కూర్చుంటారా లేక ఏదన్నా పనిలో పడతారా అని. సరిగ్గా రెండు వారాలకి, అక్టోబర్ 17న ఆ ప్రాంతంలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. మళ్ళీ వెళ్ళి అదే పిల్లల్ని పది రోజులకి ఒకసారి, ఏడు వారాలకి ఒకసారి అడిగింది. ముందునుంచీ నెమరేసే అలవాటున్నవాళ్ళే ఎక్కువ కుంగిపోయి ఉన్నారు, అంతకుముందు వాళ్ళ మూడ్ ఎలా ఉందో లెక్కలోకి తీసుకున్నాక కూడా. భూకంపం అందరికీ ఒకటే కదా తమ్ముడూ. నీ సంతకం పేజీ రిక్టర్ స్కేలు మీద ఎంతో నువ్వే చెప్పు.

నవ్వొద్దులే, నీ మేనేజర్ అన్న మాట చిన్నదని నేననట్లేదు. పదిమంది ముందు అన్న మాట ఒంటరిగా అన్న మాటకంటే పదిరెట్లు గుచ్చుకుంటుంది. ఆ మాట తప్పు అని, ఆయన నీతో లోపల కేబిన్‌లో మాట్లాడి ఉండాల్సిందని నువ్వు ఒక్కసారన్నా ఎవరితోనన్నా అన్నావా? ఉత్తరం మొత్తంలో ఆయన మీద ఒక్క ముక్క కోపం లేదు, "గారు" అని కూడా పెట్టావు. కోపం రావాల్సిన చోట రాకుండా అది పాల గ్లాసు మీదకి వచ్చింది. నాకలా అనిపిస్తోంది, తప్పయితే తప్పు.

సరే, చేసేదేంటో చెప్తా. ఒక నోట్ పుస్తకం కొను. ఫోన్లో వద్దు, ఫోన్ తీస్తే బ్రాంచి గ్రూపు కనపడుద్ది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఒక టైము పెట్టుకో, ఏడు నుంచి ఏడున్నర అనుకుందాం, మంచం మీద కాదు, ఒక కుర్చీ, రోజూ అదే కుర్చీ. ఆ అరగంట కంగారు పడటమే నీ పని. ఉన్న భయాలన్నీ రాయి, ఒక్కో లైన్లో ఒక్కోటి, తేదీతో, ఎంత స్పష్టంగా వీలైతే అంత స్పష్టంగా. "ఏదో అవుద్ది" అని రాయకు, "ఫలానా గోల్డ్ లోన్ రెన్యూవల్‌లో కేవైసీ పాతది పెట్టాను, వచ్చే నెల కాంకరెంట్ ఆడిటర్ పట్టుకుంటాడు" అని రాయి. రాసేటప్పుడే సగం భయాలు సిగ్గుపడి పోతాయి చూడు. మిగతా రోజంతా ఏ ఆలోచన వచ్చినా దాంతో కుస్తీ పట్టకు, "ఏడింటికి రా" అని చెప్పి పంపించు, మీ కౌంటర్ దగ్గర లంచ్ టైములో వచ్చిన కస్టమర్‌కి చెప్పినట్టు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఇది కొత్తదేం కాదు, థామస్ బోర్కోవెక్ అని పెన్సిల్వేనియాలో ఆయన 1983లోనే నాలుగు వారాలు ఇలా అరగంట పెట్టించి చూశాడు, బెంగ తగ్గింది. మొదటి వారం నీకు పనిచెయ్యదు, ముందే చెప్తున్నా, ఏడింటికి కూర్చుంటే ఒక్క భయం కూడా గుర్తురాదు, తొమ్మిదింటికి అన్నీ వస్తాయి. వాటినీ రేపటి ఏడింటికి తొయ్యి.

ఇంకో పని, ప్రతి ఆదివారం ఆ పుస్తకం తీసి వెనక పేజీలు చూడు. జరిగినవాటి పక్కన టిక్కు, జరగనివాటి మీద గీత, ఇంకా తేలనివి అలా వదిలెయ్. ఆయన పనిచేసిన పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళే 2020లో ఒక పేపర్ వేశారు, విపరీతంగా బెంగపడే జబ్బున్న 29 మంది చేత పది రోజుల పాటు భయాలన్నీ రాయించి నెల దాకా చూస్తే, నూటికి 91 జరగనేలేదు. వాళ్ళు మామూలు మనుషులు కూడా కాదు, బెంగలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు. ఆ లెక్క చూసుకున్నవాళ్ళకి బెంగ తగ్గింది కూడా. నేను చెప్పిన కంగారు ఖాతా ఉంది కదా, అది ఇలా పాస్‌బుక్ ప్రింట్ తీసి చూసుకుంటే తప్ప మూతపడదు.

నాదీ ఒక పుస్తకం ఉంది. పదమూడేళ్ళ కింద, నేను చేసే చోట ఒక పెద్దాయన "నీ సంగతి మార్చి తర్వాత చూద్దాం" అన్నాడు, అంతే, ఆ "చూద్దాం" అనే మాటతో నవంబర్ నుంచి మార్చి దాకా నేను కాపురం చేశాను. లాంగ్ నోట్‌బుక్, నీలం అట్ట, నలభై ఏడు భయాలు రాశా. మార్చి దాటాక లెక్క చూస్తే మూడు జరిగాయి, అవీ నేను ఊహించినంత కాదు. కానీ నన్ను నిజంగా కింద పడేసిన సంగతి ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగింది, మా నాన్న బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది. ఆ నలభై ఏడింట్లో అది లేదు. అంత కాపలా కాసి కూడా దొంగ ఎటునుంచి వస్తాడో నాకు తెలియలేదు, వచ్చాక మాత్రం ఏం చెయ్యాలో తెలిసింది, ఆటో పిలిచాను, ఎక్స్‌రే తీయించాను, అన్నయ్యకి ఫోన్ చేశాను. ముందే బెంగపడకపోతే వచ్చినప్పుడు తట్టుకోలేం అనుకుంటాం కదా, ఆ రోజు నేను ఏ ప్రిపరేషనూ లేకుండానే తట్టుకున్నాను.

రాత్రి సంగతి. రెండున్నరకి మెలకువ రావడం తప్పేం కాదు, అందరికీ నిద్రలో మధ్యమధ్య మెలకువ వస్తుంది, చాలామంది అటు తిరిగి పడుకుంటారు, వాళ్ళకి పొద్దున గుర్తుండదు కూడా. నువ్వు లేచి ఫోన్లో టైము చూస్తావు, "అమ్మో రెండున్నర, ఇంకా మూడు గంటలే ఉంది" అనుకుంటావు, అక్కడ మొదలవుతుంది. గడియారం చూడకు. పావుగంట అయినట్టనిపించినా నిద్ర రాకపోతే మంచం దిగు, హాల్లోకి వెళ్ళి చిన్న లైటేసుకుని బోరు కొట్టే పని ఏదన్నా చెయ్యి, పిల్లల యూనిఫాం బొత్తాలు చూడు, పాత పేపర్లో వ్యవసాయం పేజీ చదువు. కళ్ళు మూతలు పడితేనే మంచమెక్కు. మంచం అంటే ఫైళ్ళు చూసే చోటు అని నీ ఒంటికి అలవాటైపోయింది, ఆ అలవాటు తప్పించాలి. పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు రాసుకో, ఇది భయాల పుస్తకం వేరు, పనుల చీటీ వేరు. 2018లో టెక్సాస్‌లోని బేలర్ యూనివర్సిటీలో 57 మందిని నిద్ర లాబ్‌లో పడుకోబెట్టి చూశారు, సగం మంది అయిపోయిన పనులు రాశారు, సగం మంది చెయ్యాల్సినవి రాశారు. చెయ్యాల్సినవి రాసినవాళ్ళు సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు, అందులోనూ ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా. తొమ్మిది నిమిషాలే కదా అనుకోకు, మంచం మీద తొమ్మిది నిమిషాలు ఎంతసేపో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఇక సాయంత్రం ఐదున్నరకి బ్రాంచిలో క్యాష్ టాలీ అయ్యాక అందరూ కలిసి టీ తాగుతారు కదా, ఆ టీ బదులు నువ్వు పాలు తాగు, లేదా నీళ్ళు. కాఫీ టీల్లో ఉండే కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది. నీ ఫ్రెండ్స్ చెప్పిన పెగ్గుల గురించి ఒక్క మాటే, అవి నిద్రపుచ్చుతాయి నిజమే, కానీ రాత్రి రెండో సగంలో నిద్ర చెడగొట్టేది కూడా అవే, అంటే సరిగ్గా నీ రెండున్నర టైముకి. దాని జోలికి పోకు.

తాళం. నాకు తెలిసినంతలో బ్యాంకు స్ట్రాంగ్ రూమ్ ఒక్కడి తాళంచెవితో మూసేది కాదు, జాయింట్ కస్టడీ, రెండో చెవి ఇంకొకరి దగ్గర ఉంటుంది. అంటే నువ్వు మర్చిపోయినా ఆయన కూడా అదే సెకన్లో మర్చిపోవాలి. ఇది నీకు తెలియక కాదు, తెలిసినా బండి తిప్పుతున్నావు. ఎందుకంటే వెనక్కెళ్ళి చూసిన ప్రతిసారీ నీ జ్ఞాపకం మీద నీకే నమ్మకం తగ్గుతోంది. నెదర్లాండ్స్‌లో 2003లో కంప్యూటర్ మీద బొమ్మ గ్యాస్ స్టవ్ పెట్టి జనం చేత మళ్ళీ మళ్ళీ ఆన్ చేయించి, ఆఫ్ చేయించి, చూడమన్నారు. చాలాసార్లు చూసినవాళ్ళకి గుర్తుండటం నిజానికి తగ్గలేదు, "నాకు గట్టిగా గుర్తుంది" అనే నమ్మకం మాత్రం తగ్గిపోయింది. కాబట్టి ఒక్కసారే చూడు, కానీ బుర్ర పెట్టి చూడు. జపాన్ రైలు డ్రైవర్లు సిగ్నల్ కనపడగానే వేలు పెట్టి చూపించి బయటికి గట్టిగా చెప్తారు, అది వాళ్ళ డ్యూటీలో భాగం, తప్పులు తగ్గుతాయని. నువ్వూ తాళం మీద వేలు పెట్టి "సోమవారం సాయంత్రం, తాళం వేశాం" అని పైకి అను, పక్కనున్నాయన నవ్వితే నవ్వనీ. ఆ తర్వాత బండి వెనక్కి తిప్పడం లేదు. కడుపులో ఎలుకలు పరిగెత్తినా తిప్పడం లేదు, ఇంటికి చేరేలోపు అవే అలిసిపోతాయి.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళు. మీ ఆవిడకి ఆ సంతకం కథ ఎన్నిసార్లు చెప్పావు? నాకు తెలిసి ఆమెకి ఇప్పుడు నీకంటే బాగా వచ్చి ఉంటుంది ఆ ఫైలు. బాధ చెప్పుకుంటే తగ్గుతుంది అంటారు, మొదటిసారి తగ్గుతుంది, రెండోసారి కొంచెం, పదోసారికి ఇద్దరూ కలిసి నెమరేస్తున్నట్టు. ఆమెతో ఒక ఒప్పందం చేసుకో, కొత్త సంగతి ఉంటే వింటుంది, పాత కథ మొదలుపెడితే "ఇది మొన్న చెప్పావు, పద బయట తిరిగొద్దాం" అని లేపి తీసుకెళ్తుంది. నడిస్తే ఒళ్ళు వదులవుతుంది, అది నిజం. ఆమె కూడా స్కూల్లో పొద్దున్నుంచి నిలబడి వచ్చి ఉంటుంది, ఆమె కథ కూడా ఒకరోజు నువ్వు విను, నీ ఉత్తరంలో ఆమె గురించి "అంటది" తప్ప ఇంకేం లేదు.

చిన్నోడి సంగతి ఇవాళే తేల్చెయ్. ఆరు నెలల బెంగ దాని మీద కట్టకు. వాడి దగ్గర కింద కూర్చుని "ఆ రోజు నాన్నకి వేరే దాని మీద కోపం నాన్నా, గ్లాసు పడేసినందుకు కాదు, చెయ్యెత్తడం నాది తప్పు" అను. రెండు ముక్కలే, క్లాసు పీకకు. వాడు వింటూ వింటూనే ఇంకేదో అడుగుతాడు, అడగనీ. ఈసారి పాలు పడితే ఇద్దరూ కలిసి తుడవండి, ఆ స్టీలు గ్లాసు ఫ్రిజ్ కిందకి దొర్లితే వాడినే తియ్యమను, వాడి చెయ్యే పడుతుంది అక్కడ.

ఉద్యోగం మానడం. ఇప్పుడు వద్దు అంటాను, ఎప్పటికీ వద్దని కాదు. ఆరు నెలలు సరిగ్గా నిద్రలేని బుర్ర తీసుకునే నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు, పైగా నెమరు అలవాటు మనతోపాటే కొత్త ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ అయి వస్తుంది. అలాగని అంతా నీ మనసులోనే ఉందని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇద్దరు చెయ్యాల్సిన పని ఒకడి మీద వేసి, ఇన్సూరెన్సు పాలసీల టార్గెట్లు కూడా వాడి నెత్తినే పెట్టి, రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో "ఈరోజు ఫిగర్స్ ఏవి" అని అడిగితే ఎవడికైనా కడుపులో తిప్పుతుంది. మార్చగలిగింది మార్చు, ప్రతి లోన్ ఫైలుకీ ఒక చెక్‌లిస్ట్ కాగితం పెట్టు, సంతకాల పేజీలన్నీ నంబర్లతో, టిక్కు పెట్టి తేదీ వేసి ఫైల్లోనే కుట్టెయ్, అప్పుడు రాత్రి రెండున్నరకి బుర్ర అడిగితే కాగితం జవాబు చెప్తుంది. గ్రూపు రాత్రి ఎనిమిది తర్వాత మ్యూట్. మార్చలేనిది మేనేజర్ గొంతు, అది ఆయన గొంతు, ఆయనకి రీజియనల్ ఆఫీసు నుంచి ఏ గొంతు వినపడుతోందో మనకేం తెలుసు. నిద్ర కుదుటపడ్డాక కూడా మూడు నెలల తర్వాత ఇదే పరిస్థితి అయితే ట్రాన్స్‌ఫర్ అడగడమా మానడమా అనేది అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.

డాక్టర్. ఇది దాటేయొద్దన్నాను. బెంగ ఆరు నెలలుగా దాదాపు రోజూ ఉంది, నిద్ర చెడింది, చిరాకు వస్తోంది, కడుపు తిప్పుతోంది, ఈ లెక్కన ఒకసారి సైకియాట్రిస్ట్‌కి చూపించుకోవడమే మంచిది, నా పుస్తకం కుర్చీ అన్నీ ఆ తర్వాత. తాళం ఒక్కటే కాక ఇంకా వేరేవి కూడా పదేపదే చూసుకోవడం, కడుక్కోవడం లాంటివి ఉంటే అదీ చెప్పు. థైరాయిడ్, బి12, షుగర్ ఒకసారి చూపించుకో, ఒక్కోసారి బెంగ అక్కడినుంచి కూడా వస్తుంది. గుండెలో నొప్పి అనిపిస్తే "టెన్షన్ వల్లే" అని నీకు నువ్వు సర్దిచెప్పుకోకుండా ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించు. ఆఫీసులో తెలిసిపోతుందని భయమా? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వివరాలు డాక్టర్ గోప్యంగా ఉంచాల్సిందే. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే ముందు టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, 14416, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, రాత్రి రెండున్నరకి కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఎప్పుడన్నా "నేను లేకపోతే బాగుండు" అనే ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా ఏడింటి దాకా ఆగొద్దు, ఆ నిమిషమే ఆ నంబరుకి చెయ్యి, మీ ఆవిడని లేపు.

ఫోన్ చార్జర్ ఇవాళే పడకగదిలోంచి హాల్లోకి మార్చు. అలారం కోసం అనకు, చిన్న గడియారం కొను, మొహం గోడవైపు తిప్పి పెట్టు. నాలుగు ఆదివారాలయ్యాక పుస్తకంలో ఎన్ని గీతలు పడ్డాయో, ఎన్ని టిక్కులు పడ్డాయో నాకు రాయి, టిక్కులే ఎక్కువైతే అదీ రాయి.

అమ్మ దిష్టి తీస్తానంటే తీయించుకో తమ్ముడూ. ఉప్పూ ఎండుమిరపకాయల ఘాటుకి నీకు నాలుగు తుమ్ములొస్తాయి, ఆవిడకి ఆ రాత్రి నిద్ర పడుతుంది. నువ్వు రెండున్నరకి హాల్లో లైటేసుకుని కూర్చుంటే పక్కగదిలో ఆవిడా మేలుకునే ఉండి ఉంటుంది.